సికిల్ సెల్ కార్డు: పరీక్ష ముగిసింది, పని మిగిలింది

భిలాయ్: సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి దేశం నుంచి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ దీనికి శ్రీకారం చుట్టారు. గిరిజన జనాభా గణనీయంగా ఉన్న 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలన్నది తొలి గమ్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మూడూ ఈ జాబితాలో ఉన్నాయి. 2025 జూలై నాటికి పరీక్షలు పూర్తయినవారి సంఖ్య 6 కోట్లు దాటింది. వారిలో 2 లక్షలకు పైగా రోగులు, 16 లక్షలకు పైగా వాహకులు ఉన్నట్లు తేలింది. కోట్లాది మందికి ఫలితంతో కూడిన కార్డులు అందాయి.

లెక్కల పరంగా ఇది పెద్ద విజయమే. అయితే కార్డు చికిత్స కాదు. అది ఒక సమాచారం మాత్రమే. ఆ సమాచారం ఆసుపత్రి గడప దగ్గర ఉపయోగపడితే ప్రాణం నిలుస్తుంది. కర్మాగారం గేటు దగ్గరో, పెళ్లిచూపుల దగ్గరో అనర్హత పత్రంగా మారితే, మరుసటి మనిషి పరీక్షకు ముందుకు రాడు. ఈ ప్రశ్న ఛత్తీస్‌గఢ్‌లోని పారిశ్రామిక ప్రాంతాలకు మరింత వర్తిస్తుంది. అందుకు ఉదాహరణ భిలాయ్ శివారులోని హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక వాడ.

సోవియట్ సహకారంతో వెలసిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. దాని చుట్టూ క్రమంగా చిన్న, మధ్యతరహా పరిశ్రమలు పెరిగాయి. హథ్‌ఖోజ్ అలా ఏర్పడిన వాడల్లో ఒకటి. ఇనుమును కరిగించి, సాగదీసి, కోసి, అతికించే షెడ్లలో చుట్టుపక్కల గ్రామాలవారితో పాటు ఒడిశా, బిహార్, ఉత్తరాంధ్రల నుంచి వచ్చిన కుటుంబాలవారూ పనిచేస్తుంటారు. వేడి, చెమట, దాహం, రాత్రి షిఫ్టు ఇక్కడి దినచర్యలో భాగం. సికిల్ సెల్ రోగి శరీరానికి ఇవే శత్రువులు.

అసలు జబ్బు ఏమిటి?

రక్తానికి ఎరుపు రంగునిచ్చేది హిమోగ్లోబిన్ అనే మాంసకృత్తు. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకెళ్లి శరీరమంతటా అందించడం దాని పని. ఈ మాంసకృత్తులో బీటా గొలుసు అనే భాగం ఉంటుంది. అందులో 146 అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసగా ఉంటాయి. ఆరో స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం ఉండవలసిన చోట వేలీన్ అనే మరో ఆమ్లం చేరితే సికిల్ సెల్ హిమోగ్లోబిన్ తయారవుతుంది. మార్పు ఒక్క పూసదే. ఫలితం మాత్రం మనిషి జీవితమంతా ఉంటుంది.

ఈ హిమోగ్లోబిన్ తన ప్రాణవాయువును వదిలిపెట్టగానే పక్కనున్న అణువులతో అతుక్కుని పొడవాటి పోగులుగా మారుతుంది. ఆ పోగుల ఒత్తిడికి గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని దారి మూసేస్తాయి. దారి మూసుకున్న చోట భరించలేని నొప్పి పుడుతుంది. సాధారణ ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. సికిల్ కణం 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. రక్తహీనతకు, కళ్లు పచ్చబడడానికి కారణం ఇదే.

షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో తొలిసారి ఈ వంకర కణాలను వైద్య పత్రికలో వర్ణించారు. ఇది హిమోగ్లోబిన్ అణువులోని లోపమని లైనస్ పాలింగ్ బృందం 1949లో నిరూపించింది. ఒక వ్యాధికి అణువు స్థాయిలో కారణం దొరకడం వైద్య చరిత్రలో అదే మొదలు. ఆరో స్థానంలోని మార్పును వెర్నన్ ఇంగ్రామ్ 1950ల మధ్యలో పసిగట్టారు. ఇంత ముందుగా అర్థమైన జబ్బుకు ఇంత ఆలస్యంగా చికిత్సలు రావడానికి ఒక కారణం సామాజికం: బాధితుల్లో అత్యధికులు పేదలు.

వాహకుడు వేరు, రోగి వేరు

కార్డు విషయంలో అతి పెద్ద గందరగోళం ఇక్కడే. ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తుంది. రెండింటిలో ఒకటి మాత్రమే మారినదైతే ఆ వ్యక్తి వాహకుడు. అతనికి జబ్బు లేదు, మందులు అక్కరలేదు, ఆయుర్దాయం తగ్గదు. రెండు ప్రతులూ మారినవైతేనే రోగి.

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. వాహకంగా పుట్టే అవకాశం 50 శాతం. ఏ ప్రభావమూ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. నలుగురు పిల్లల్లో ఒకరికి జబ్బు వస్తే మిగతా ముగ్గురూ క్షేమమని దీని అర్థం కాదు. రెండు నాణేలను కలిపి ఎగరేసినట్లు ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గతంలో బొమ్మ పడిందా, బొరుసు పడిందా అన్నది నాణేనికి గుర్తుండదు.

పరీక్షల్లోనూ రెండు దశలు ఉన్నాయి. శిబిరాల్లో వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చేసే ద్రావణీయత పరీక్ష చౌక, శీఘ్రం. రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో అది చెబుతుంది. ఆ వ్యక్తి వాహకుడా, రోగా అన్నది చెప్పలేదు. అందుకు ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ అనే నిర్ధారణ పరీక్ష తప్పనిసరి. ఆరు నెలలలోపు పసిపిల్లల రక్తంలో గర్భస్థ దశ నాటి హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడం వల్ల ద్రావణీయత పరీక్షను నమ్మడానికి వీల్లేదు. కాబట్టి శిబిరంలో 'పాజిటివ్' అన్న మాట విన్నవారు దానినే తుది తీర్పుగా భావించకూడదు. నిర్ధారణ పరీక్ష ఫలితం చేతికి వచ్చే వరకు అడగడం వారి హక్కు.

గిరిజనుల జబ్బేనా?

మిషన్ ప్రధానంగా గిరిజన ప్రాంతాలపై దృష్టి పెట్టింది. దానికి కారణం ఉంది. షెడ్యూల్డ్ తెగల్లో ప్రతి 86 జననాల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని ప్రభుత్వ అంచనా. మలేరియాతో ఈ జన్యువుకు ఉన్న పాత బంధమే ఇందుకు మూలం. వాహకులకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుందని ఆంథొనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికా పరిశీలనలతో చూపారు. తరతరాలుగా దోమల మధ్య, అడవుల అంచున బతికిన సమాజాల్లో ఈ జన్యువు నిలిచిపోయింది. మన్యంలోనైనా, బస్తర్‌లోనైనా ఇదే కథ.

అయితే జన్యువు అడవి దాటి రాదనుకోవడం పొరపాటు. భారతదేశంలో ఈ జబ్బు తొలి ఆధారాలు 1952లో నమోదయ్యాయి. నీలగిరి కొండవాసుల్లో హెర్మన్ లేమన్, మేరీ కట్‌బుష్ గుర్తించగా, అదే ఏడాది ఎగువ అస్సాంలోని తేయాకు తోటల కూలీల్లోనూ ఇది కనిపించిందని మరో నివేదిక వెలువడింది. ఆ కూలీలు అస్సాంకు వలస వచ్చినవారి సంతతి. అంటే మన దేశంలో ఈ జబ్బు చరిత్ర మొదటి పుటలోనే వలస కూలీ ఉన్నాడు. పని ఎటు పిలిస్తే మనుషులు అటు వెళతారు. వారి రక్తమూ అటే వెళుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లో సుమారు 3.6 లక్షల మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 9.3 శాతం మంది వాహకులుగా, 0.2 శాతం మంది రోగులుగా తేలారు. ఇక్కడ ఈ జన్యువు గిరిజనులకే పరిమితం కాలేదు. వెనుకబడిన తరగతుల్లో, షెడ్యూల్డ్ కులాల్లోనూ ఉంది. ఆ శాతాన్నే ప్రమాణంగా తీసుకుంటే, నూరు మంది స్థానికులు పనిచేసే షెడ్డులో సగటున తొమ్మిది మంది వాహకులు ఉంటారు. యాదృచ్ఛికంగా జరిగే పెళ్లిళ్లలో దాదాపు 115 జంటల్లో ఒక జంటలో ఇద్దరూ వాహకులవుతారు. ఒకే సామాజిక వర్గంలో, దగ్గరి ఊళ్ల మధ్య సంబంధాలు కలుపుకునే చోట ఈ అవకాశం ఇంకా పెరుగుతుంది.

భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇందులో తెలుసుకోదగిన సంగతి ఉంది. బీటా థలసీమియా వాహక లక్షణం భారతీయుల్లో సుమారు మూడు నాలుగు శాతం మందిలో ఉంటుంది. దంపతుల్లో ఒకరు సికిల్ వాహకులు, మరొకరు థలసీమియా వాహకులు అయినా బిడ్డకు సికిల్ సెల్ వ్యాధి రావచ్చు. థలసీమియా వాహక లక్షణాన్ని ద్రావణీయత పరీక్ష పట్టుకోలేదు. పెళ్లికి ముందు లేదా గర్భం దాల్చిన తొలి వారాల్లో హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించుకోవాలని వైద్యులు సూచించేది ఇందుకే. మేనరికాలు చేసుకునే కుటుంబాలకు ఈ సూచన మరింత అవసరం.

కొలిమి దగ్గర శరీరంలో ఏం జరుగుతుంది?

సికిల్ హిమోగ్లోబిన్ పోగులుగా మారడం అన్నది కణంలో దాని సాంద్రతపై ఆధారపడి ఉంటుంది. సాంద్రత కొద్దిగా పెరిగినా పోగులు అల్లుకునే వేగం అనేక రెట్లు పెరుగుతుంది. కొలిమి ముందు నిలబడి చెమటోడ్చే మనిషి శరీరం నీటిని కోల్పోతుంది. ఎర్ర రక్తకణం కూడా నీటిని కోల్పోయి చిక్కబడుతుంది. దీనికి తోడు సికిల్ రోగుల మూత్రపిండాలు నీటిని పొదుపు చేసే శక్తిని చిన్న వయసులోనే కోల్పోతాయి. ఒంట్లో నీరు తగ్గుతున్నా మూత్రం పలచగానే పోతుంది. అంటే పక్కవాడికి ఒక సీసా నీరు సరిపోయే చోట ఇతనికి రెండు కావాలి. వేడి షెడ్డులో నుంచి చలికాలపు రాత్రి గాలిలోకి ఒక్కసారిగా రావడం, నిద్రలేమి, జ్వరం కూడా నొప్పి దాడిని రేపగలవు.

ఇలాంటి దాడిని చాలాచోట్ల వేరే పేర్లతో పిలుస్తారు. కీళ్లనొప్పులంటే వాతం అంటారు. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు మందు పోయిస్తారు. నీరసమంటే ఐరన్ మాత్రలు మింగిస్తారు. సికిల్ రోగికి పచ్చదనం ప్రధానంగా కణాలు విరిగిపోవడం వల్ల వస్తుంది. రక్తహీనత ఇనుము కొరత వల్ల వచ్చింది కాదు. రక్తం ఎక్కించుకున్నవారి ఒంట్లో ఇనుము ముందే పేరుకుని ఉండవచ్చు. కాబట్టి పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు వాడడం మేలు చేయదు సరికదా, కీడు కూడా చేయవచ్చు.

జ్వరం 101 డిగ్రీలు దాటడం, ఛాతీ నొప్పితో ఆయాసం, ఒకవైపు కాలు చేయి చచ్చుబడడం, మాట తడబడడం, పిల్లల్లో ఎడమ డొక్క ఉబ్బి ఒళ్లు తెల్లబోవడం, పురుషుల్లో గంటల తరబడి తగ్గని అంగస్తంభన వంటివి కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ మొదట చూపవలసింది ఆ కార్డే.

కార్డు చూసి పని నిరాకరించవచ్చా?

వేడి ప్రమాదకరమని తెలిశాక యజమానికి తోచే సులభమైన దారి ఒకటుంది: కార్డు అడగడం, 'సికిల్' అన్న మాట కనిపిస్తే వెనక్కి పంపడం. ఈ దారిలో అమెరికా ఇదివరకే నడిచింది. అక్కడ 1970ల తొలినాళ్లలో సికిల్ పరీక్షలు ఉద్యమంలా సాగాయి. వాహకులకూ రోగులకూ తేడా తెలియని చోట ఉద్యోగాలు, బీమా నిరాకరించిన ఉదంతాలు వచ్చాయి. వాయుసేన అకాడమీ వాహకులను చేర్చుకోకుండా పెట్టిన నిషేధాన్ని 1981లో ఎత్తివేసింది.

ఆ తర్వాత వచ్చిన ఆధారాలు ఏం చెబుతున్నాయి? పరీక్షలు జరిగిన 47,944 మంది నల్లజాతి అమెరికన్ సైనికుల వివరాలను విశ్లేషించిన అధ్యయనం 2016లో వెలువడింది. వాహకుల్లో మరణాల ముప్పు ఇతరులకంటే ఎక్కువగా లేదని అది తేల్చింది. తీవ్ర శ్రమలో కండరాలు దెబ్బతినే ముప్పు మాత్రం 54 శాతం అధికంగా కనిపించింది. తగినంత నీరు, విరామం, వేడికి క్రమంగా అలవాటు చేయడం వంటి జాగ్రత్తలు అందరికీ అమలు చేసే సైన్యంలోని లెక్క ఇది. అందులోని పాఠం స్పష్టం. వాహకుణ్ణి గేటు బయట నిలబెట్టనక్కరలేదు. షెడ్డులో నీరు, నీడ, విరామం ఉంటే చాలు. ఆ మూడూ వాహకులు కానివారికీ మేలు చేసేవే.

రోగుల విషయం వేరు. వారికి కొలిమి ముఖం కాకుండా స్టోరు, తనిఖీ, గేటు నమోదు వంటి పనులు కేటాయించడం, నొప్పి దాడి వచ్చిన రోజుల్లో జీతం కోత లేని సెలవు ఇవ్వడం అవసరం. ఉద్యోగ రాజ్య బీమా వర్తించే సంస్థల్లో నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్న కార్మికులకు అనారోగ్య సెలవు భృతి, వైద్యం లభిస్తాయి. చిక్కల్లా కాంట్రాక్టరు పేరు మీద, హాజరు పుస్తకంలో సగం సగం నమోదుతో పనిచేసేవారితోనే. వారికి ఒక రోజు నొప్పి అంటే ఒక రోజు కూలి పోవడం.

వయసు గీత కూడా గమనించదగ్గది. మిషన్ పరీక్షలు 40 ఏళ్లలోపు వారికి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో ఏటా ఉచిత వైద్య పరీక్షల హామీ 40 ఏళ్లు దాటినవారికి. ఈ రెండింటినీ ఒకే ఆరోగ్య దస్త్రంలో కలిపితే ఏ వయసు కార్మికుడూ మధ్యలో జారిపోడు. ఆ దస్త్రం వైద్యుడి దగ్గర ఉండాలి, సూపర్‌వైజర్ దగ్గర కాదు.

పెళ్లి సంబంధాల మధ్య కార్డు

ఇద్దరు వాహకులు ఒకరినొకరు వివాహమాడకుండా చూడడం మిషన్ వ్యూహంలో ముఖ్య భాగం. పెళ్లికి ముందు జాతకాలు చూసుకున్నట్లే కార్డులూ చూసుకోవాలన్న ప్రచారం సాగుతోంది. మాట ఆకర్షణీయంగానే ఉంది. అయితే గ్రీసులోని ఒర్ఖోమెనోస్ అనే ఊరి అనుభవాన్ని మరచిపోకూడదు. అక్కడ సికిల్ వాహకులు అధికం. జన్యుశాస్త్రవేత్త జార్జ్ స్టమటోయనోపులోస్ ఊరందరికీ పరీక్షలు చేసి, ఫలితాలు చెప్పి, పెళ్లి విషయంలో సలహాలిచ్చారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే వాహకుల మధ్య పెళ్లిళ్లు తగ్గలేదు. సంబంధం తప్పిపోతుందన్న భయంతో కొందరు ఫలితాన్ని దాచారు. ఊరిలో వాహకులపై ఒక ముద్ర మాత్రం మిగిలింది. ఈ ఫలితాలు 1970లలోనే వెలుగుచూశాయి.

మన సమాజంలో ఆ ముద్ర ఎవరిపై పడుతుందో చెప్పడానికి పరిశోధన అక్కరలేదు. జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచి వచ్చినా నింద కోడలి మీదికే వస్తుంది. అందువల్ల కార్డు ఇచ్చే ప్రతిచోటా సలహా ఇచ్చే మనిషి ఉండాలి. వాహకుడు వాహకం కాని వ్యక్తిని పెళ్లాడితే బిడ్డకు సికిల్ సెల్ జబ్బు రాదని, ఆ జీవిత భాగస్వామికి థలసీమియా లక్షణం లేదని కూడా నిర్ధారించుకుంటే చాలని ఆ మనిషి వివరించాలి. ఇద్దరూ వాహకులైనా వారి ముందు దారులు ఉన్నాయి. గర్భం 10 నుంచి 13 వారాల మధ్య పిండాన్ని పరీక్షించి ఫలితం తెలుసుకోవచ్చు. నిర్ణయం దంపతులదే. వారికి సమాచారం ఇవ్వవచ్చు కానీ, వారి తరఫున తీర్పు చెప్పకూడదు.

చౌక మందులే ప్రాణరక్షకులు

సికిల్ సెల్ అనగానే ఖరీదైన చికిత్సలు గుర్తుకు రావడం సహజం. బతుకులను మార్చిన మందుల్లో అధిక భాగం పాతవి, చౌకవి. ఈ జబ్బు పసివయసులోనే ప్లీహాన్ని దెబ్బతీస్తుంది. దాంతో న్యూమోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే జ్వరం గంటల్లో ప్రాణం తీయగలదు. రోజూ పెన్సిలిన్ ఇస్తే పిల్లల్లో ఈ తీవ్ర అంటువ్యాధులు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికా అధ్యయనం నిరూపించింది. న్యూమోకాకల్ టీకాలు ఆ రక్షణను ఇంకా బలపరిచాయి.

రెండో మందు హైడ్రాక్సీయూరియా. అందరిలోనూ పుట్టుకకు ముందు పనిచేసే గర్భస్థ హిమోగ్లోబిన్‌ను ఇది మళ్లీ మేల్కొలుపుతుంది. ఆ హిమోగ్లోబిన్ పోగులు అల్లుకోకుండా అడ్డుపడుతుంది. పెద్దల్లో నొప్పి దాడులను దాదాపు సగానికి తగ్గిస్తుందని 1995లో వెలువడిన పరిశోధన తేల్చింది. 1998 నుంచి అమెరికాలో దీనికి అనుమతి ఉంది. మన దేశంలోనూ మాత్రలుగా లభిస్తుంది. రక్తకణాల సంఖ్యను క్రమం తప్పకుండా పరీక్షించుకుంటూ, వైద్యుల పర్యవేక్షణలో వాడాలి. గర్భం దాల్చాలనుకునేవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

మందు దొరకడం ఒక ఎత్తు, నెల నెలా ఆగకుండా అందడం మరో ఎత్తు. జిల్లా ఆసుపత్రిలో ఉన్న మాత్ర ఊరి ఆరోగ్య కేంద్రంలో లేకపోతే, దాన్ని తెచ్చుకోవడానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి. రెండు నెలలు అలా పోయాక మూడో నెల రోగి రాడు. మిషన్ జయాపజయాలు ఈ మూడో నెలలో తేలుతాయి.

జన్యు సవరణ: ఆశ ఎంత, దూరం ఎంత?

క్రిస్పర్ సాంకేతికతతో తయారైన తొలి చికిత్స 'క్యాస్‌జెవీ'కి 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతినిచ్చాయి. రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, గర్భస్థ హిమోగ్లోబిన్‌కు అడ్డుకట్టగా ఉన్న మీటను కత్తిరించి, తిరిగి ఒంట్లోకి ఎక్కించడం దీని పద్ధతి. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. అప్పటి మారకం విలువలో సుమారు రూ.18 కోట్లు.

2025 నవంబర్ 19న భారత శాస్త్రవేత్తలు 'బిర్సా 101' పేరుతో దేశీయ క్రిస్పర్ చికిత్సను ప్రకటించారు. ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ జన్యుశాస్త్ర సంస్థ ఐజీఐబీ దీనిని రూపొందించింది. సాంకేతికతను పుణెకు చెందిన సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌కు బదిలీ చేశారు. గిరిజన వీరుడు బిర్సా ముండా 150వ జయంతి సందర్భంగా ఆయన పేరు పెట్టారు. విదేశీ చికిత్స ధరలో చిన్న భాగానికే దీనిని అందించడం లక్ష్యం.

ఇది గర్వించదగ్గ ముందడుగు. అయినా ప్రకటనకూ, ప్రతి జిల్లాలో అందుబాటుకూ మధ్య క్లినికల్ పరీక్షలు, అనుమతులు, ప్రత్యేక కేంద్రాల నిర్మాణం ఉన్నాయి. ఈ తరహా చికిత్సలకు ముందు ఎముక మజ్జను ఖాళీ చేసే బలమైన మందులు ఇవ్వాలి. వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచాలి. కొత్త మందులన్నీ నిలబడవన్నదీ గుర్తుంచుకోవాలి. ఎన్నో ఆశలతో వచ్చిన వోక్సెలోటర్ అనే మాత్రను భద్రతా కారణాలతో తయారీ సంస్థ 2024 సెప్టెంబర్‌లో ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించుకుంది. రేపటి చికిత్స వచ్చే వరకు రోగిని బతికించేది నేటి పెన్సిలిన్, హైడ్రాక్సీయూరియాలే.

చట్టం ఇచ్చింది, ఇవ్వనిది

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. విద్య, సంక్షేమ పథకాల్లో దీనివల్ల కొంత ఆసరా దొరుకుతుంది. అయితే ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్‌కు అదే చట్టం సూచించిన వర్గాల్లో రక్త సంబంధ వ్యాధులు లేవు. వైకల్యంగా గుర్తింపు ఉంది, ఉపాధిలో వాటా లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నుంచి సికిల్ సెల్, థలసీమియా, తీవ్ర హిమోఫిలియా బాధితులకు నెలకు రూ.10,000 పింఛను ప్రారంభించడం ఈ లోటును కొంత పూడ్చే ప్రయత్నం. రాష్ట్రం దాటి పనికి వెళ్లిన కుటుంబానికి ఇలాంటి రాష్ట్ర పథకాల ఆసరా వెంట రాదు.

నిర్మూలన అన్న మాటకు అర్థం

మశూచిని నిర్మూలించినట్లు సికిల్ సెల్‌ను నిర్మూలించలేం. ఇది అంటుకునే క్రిమి కాదు, కోట్లాది మంది రక్తంలో ఉన్న ఒక పాత మార్పు. ఇక్కడ నిర్మూలన అంటే జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య తగ్గడం, పుట్టినవారు నొప్పి లేకుండా పెద్దవారు కావడం. మొదటిది సలహాతో, రెండోది మందులతో సాధ్యం. రెండింటికీ పునాది నమ్మకం.

హథ్‌ఖోజ్ వంటి చోట ఆ నమ్మకం చిన్న చిన్న పనుల్లో కనిపించాలి. శిబిరం షిఫ్టు ముగిసే వేళకు గేటు దగ్గరికి రావాలి. ఫలితం కార్మికుడి చెవిలో పడాలి, నోటీసు బోర్డు మీద కాదు. నిర్ధారణ అయిన రోగికి అదే రోజు మందు, తర్వాతి తేదీ చేతికి రావాలి. షెడ్డులో అడుగు దూరంలో చల్లని తాగునీరు ఉండాలి. వీటిలో ఏదీ రూ.18 కోట్ల చికిత్స కాదు. ఆరు కోట్ల పరీక్షలు చేయగలిగిన వ్యవస్థకు ఇవి అసాధ్యమూ కావు.